పేరు రైటరే... పని ఏది?

పోయిన సంచికలో కంటెంట్ మార్కెటింగ్ (నేరుగా అమ్మకుండా, జనానికి పనికొచ్చే విషయాలు చెప్పి వాళ్ళను వ్యాపారం వైపు తేవడం) ఉద్యోగాల మీద ప్రశ్నలు పంపమన్నాను. మెయిల్ నిండిపోయింది. అన్నిటికీ జవాబు రాయడం కుదరదు కాబట్టి ఒకే ప్రశ్న నలుగురు అడిగితే ఒక్కటే తీసుకున్నాను. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ, అందుకని ఎవరి పేరూ వేయలేదు. కొత్త పాఠకుల కోసం నా సంగతి రెండు ముక్కల్లో: పత్రికలో సబ్‌ఎడిటర్‌గా మొదలుపెట్టాను, ప్రకటనల ఏజెన్సీలో ఆరేళ్ళు కాపీ, అంటే ప్రకటనల పాఠం, రాశాను, ఆ తర్వాత కంటెంట్ వైపు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. కింద కనిపించే తప్పుల్లో చాలావరకు నేను చేసినవే.

మేడమ్, నాకు రెండు కంపెనీల నుంచి ఆఫర్ వచ్చింది. ఒకరు ‘కంటెంట్ రైటర్’ అంటున్నారు, ఇంకొకరు ‘కాపీరైటర్’ అంటున్నారు. ఇంటర్వ్యూలో ఇద్దరూ అడిగినవి దాదాపు ఒకటే. జీతం కూడా ఇంచుమించు ఒకటే. ఏది తీసుకోవాలో తేలక వారం రోజులుగా ఒకటే టెన్షన్.
— ఈ ఏడాదే డిగ్రీ పూర్తి చేసిన పాఠకురాలు

పేరు చూసి మాత్రం ఒప్పుకోకండమ్మా. ఈ రంగంలో పేర్లు చొక్కాలు మార్చినట్టు మారిపోతుంటాయి. 2020లో ఫేస్‌బుక్ తన దగ్గరున్న కంటెంట్ స్ట్రాటజిస్టులను (ఏం రాయాలో, ఎవరికోసమో తేల్చేవాళ్ళను) కంటెంట్ డిజైనర్లని పిలవడం మొదలుపెట్టింది. అదే మనుషులు, అవే కుర్చీలు, కొత్త పేరు. అంత పెద్ద సంస్థలోనే అలా ఉంటే, పదిమంది ఉన్న ఆఫీసులో మీ హెచ్.ఆర్. గారు ఏ పేరు పెట్టారన్నది పట్టుకుని మనం ఏం తేలుస్తాం?

రెండు కంపెనీలకూ ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి. పొద్దున నా చేతికి ఏ కాగితం వస్తుంది? సాయంత్రం నా చేతిలోంచి ఏ కాగితం వెళ్తుంది? కాగితం అంటే నిజం కాగితమే కానక్కర్లేదు, ఫైలో మెయిలో ఏదైనా సరే. ఈ రెండిటికీ జవాబు తెలిస్తే పని తెలిసినట్టే.

కాపీరైటర్ చేతికి వచ్చే కాగితం మీద ఒక వస్తువు, ఒక ఆఫర్, కొనాల్సిన మనిషి ఉంటారు. సాయంత్రానికి ఆమె చేతిలోంచి వెళ్ళేది ప్రకటన శీర్షిక, అమ్మకం పేజీ, ప్రచారం మెయిలు లాంటివి. ఎంతమంది బటన్ నొక్కారు, ఎంతమంది కొన్నారు అన్నది ఆమె లెక్క. కంటెంట్ రైటర్ చేతికి వచ్చేది బ్రీఫ్, అంటే ఎవరికోసం ఏం రాయాలో చెప్పే ఒక పేజీ. ఆమె చేతిలోంచి వెళ్ళేది వ్యాసం, గైడ్, కస్టమర్ల అనుభవం, వీడియో స్క్రిప్టు. అది వెతికినవాళ్ళకు దొరికిందా, పూర్తిగా చదివారా, మళ్ళీ వచ్చారా అన్నది ఈమె లెక్క.

ఒక ఉదాహరణ చెబుతాను. నేను ఒక పరుపుల కంపెనీకి పనిచేశాను. కాపీరైటర్‌గా వాళ్ళకు నేను ఇచ్చిన వాక్యం ఇది: ‘వంద రాత్రులు పడుకుని చూడండి. నచ్చకపోతే మేమే వచ్చి తీసుకెళ్తాం.’ మొదట ‘నచ్చకపోతే వాపసు’ అని రాశాను. పొట్టిగా, ముచ్చటగా ఉంది. కానీ ‘వాపసు’ అనగానే అంత పరుపునూ మనమే మోసుకెళ్ళి ఇవ్వాలేమో అన్న భయం వస్తుంది చదివేవాళ్ళకు. ‘మేమే వచ్చి’ అన్న రెండు మాటలు చేరాక ఆ భయం పోయింది. ఆ రెండు మాటల కోసం ఇరవైరెండు వెర్షన్లు రాశాను, ఒక రోజు పూర్తిగా పోయింది. అదే పరుపుకు కంటెంట్ రైటర్‌గా రాసినప్పుడు ‘నడుం నొప్పి ఉన్నవాళ్ళు పరుపు కొనేముందు చూసుకోవాల్సినవి’ అన్న వ్యాసం కోసం ఫిజియోథెరపిస్టుతో మాట్లాడటం, ఆమె చెప్పినదాంట్లో ఎంతవరకు కంపెనీ పేరు కింద వేయవచ్చో మళ్ళీ ఆమెనే అడగడం, ఇలా నాలుగు రోజులు పట్టింది.

ఒక్క వాక్యంతో రోజంతా కుస్తీ పట్టడం మీకు సరదాగా ఉంటుందంటే కాపీరైటర్ పని మీది. తెలియని విషయం పదిమందిని అడిగి తెలుసుకుని చెప్పడం ఇష్టమంటే కంటెంట్ రైటర్ పని. ఫోన్‌లో ‘అన్నీ మీరే చూసుకోవాలండీ’ అని జవాబొస్తే మూడో ప్రశ్న కూడా అడిగేయండి: నేను రాసింది దిద్దేదెవరు? మొదటి ఉద్యోగంలో జీతం కాస్త తక్కువైనా, మీ వాక్యం మీద ఎర్ర గీతలు పెట్టే మనిషి ఉన్న ఆఫీసుకే వెళ్ళండి.

కాపీరైటర్ అంటే కాపీరైట్ ఇప్పించేవారా?
— ఇంటర్ విద్యార్థి

తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ అనుమానం రావడంలో తప్పు లేదు నాయనా. ఇంగ్లీషులో ఒకదాని చివర ‘రాయడం’, ఇంకోదాని చివర ‘హక్కు’. ప్రకటన పాఠాన్ని ఆ రంగంలో ‘కాపీ’ అంటారు, అది రాసేవాళ్ళు కాపీరైటర్లు. కాపీరైట్ హక్కుల సంగతి చూసేది లాయరు. మా బంధువు ఒకాయన తన నవల రిజిస్టర్ చేయించమని నాకు రెండుసార్లు ఫోన్ చేశారు, కాబట్టి మీరు ఒంటరి కాదు.

ఐదేళ్ళుగా కంటెంట్ రైటర్‌ని. నెలకు పన్నెండు వ్యాసాలు. ఇంకా ఎన్నాళ్ళిలా అనిపిస్తోంది. స్ట్రాటజిస్టు కావాలంటే ఏం కోర్సు చేయాలి? స్ట్రాటజిస్టు అయితే ఇక రాయక్కర్లేదా?
— పేరు వేయవద్దన్న పాఠకుడు

కోర్సు సంగతి తర్వాత. ముందు నేను దెబ్బతిన్న కథ వినండి.

పైన చెప్పిన పరుపుల కంపెనీకే ఏడాదిపాటు వ్యాసాలు రాశాం. నిద్ర అంటే కలలు, కలలంటే జనానికి ఇష్టం అని లెక్కేసుకుని వరసగా కలల మీద పడ్డాం. ‘కలలో పళ్ళు ఊడితే అర్థమేంటి’, ‘పరీక్షకు ఆలస్యమైనట్టు కల ఎందుకొస్తుంది’. జనం ఎగబడి చదివారు. ప్రతి నెలా గ్రాఫు పైకే. మీటింగుల్లో చప్పట్లు. తొమ్మిదో నెలలో అమ్మకాల విభాగం నుంచి ఒకాయన వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. అంతా అయ్యాక మెల్లగా అడిగాడు: ‘వీళ్ళలో పరుపు కొన్నవాళ్ళు ఎంతమందండీ?’

లెక్క తీశాం. వేళ్ళ మీద చెప్పొచ్చు, రెండో చెయ్యి అక్కర్లేదు.

వాక్యాలు బాగానే ఉన్నాయి, ఇప్పుడు చదివినా నాకు సిగ్గనిపించదు. కానీ కల గురించి తెలుసుకుందామని వచ్చినవాడు కల గురించి తెలుసుకుని వెళ్ళిపోయాడు. వాడికి పరుపుతో పనేముంది? ఆ వ్యాసాలు ఎవరి కోసమో ముందుగా ఎవ్వరూ అడగలేదు. నేనూ అడగలేదు.

తర్వాత ఒక స్ట్రాటజిస్టు వచ్చింది. మూడు వారాలు ఆవిడ ఒక్క వాక్యం రాయలేదు. జీతం ఎందుకిస్తున్నారా అనుకున్నాను నేను. కస్టమర్ కేర్ వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఫోన్లు విన్నది. కొనబోయేవాళ్ళు అడిగింది వాళ్ళ మాటల్లోనే నోటుబుక్కులో ఎక్కించింది. ‘మా మెట్లు సగంలో మలుపు తిరుగుతాయి, మీ పరుపు పైకెక్కుతుందా?’ ‘చుట్ట విప్పాక ఎంతసేపటికి పడుకోవచ్చు?’ ‘కొత్త వాసన వస్తోంది, పోతుందా, ఉండిపోతుందా?’ మేం రాసిన తొంభైకి పైగా వ్యాసాల్లో ఈ మూడిటికీ ఎక్కడా జవాబు లేదు.

తర్వాత ఒక షీటు తయారుచేసింది. ఒక్కో పేజీకి ఒక్కో అడ్డ వరస. ఇది ఎవరు చదువుతున్నారు, కొనే ఆలోచనలో ఏ మెట్టు మీద ఉన్నవాళ్ళు, చదివాక ఎటు వెళ్తున్నారు, ఆఖరిసారి ఎప్పుడు సరిచూశాం, దీని బాధ్యత ఎవరిది. చివరి గడిలో నాలుగే మాటల్లో ఒకటి: ఉంచు, సరిచెయ్యి, కలుపు, తీసెయ్యి. దీన్నే కంటెంట్ ఆడిట్ అంటారు. నా కలల వ్యాసాల ఎదురుగా వరసగా ‘తీసెయ్యి’, ‘తీసెయ్యి’, ‘తీసెయ్యి’. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు నేను.

మూడో రోజు ఆవిడ పంపిన బ్రీఫ్ చూశాక కోపం తగ్గింది. అంతకుముందు మాకు వచ్చే బ్రీఫ్ ఇలా ఉండేది: ‘టాపిక్: నిద్ర. 1,200 పదాలు. శుక్రవారం లోపు.’ ఆవిడ పంపింది ఇది:

‘చదివేది: ఆర్డరు పెట్టబోయి ఆగిపోయినవాళ్ళు. మనసులో ఉన్నది: చుట్టి డబ్బాలో పెట్టిన పరుపు నిజంగా మామూలు పరుపులా విచ్చుకుంటుందా. చదివాక చేయాల్సింది: కొలతల పేజీకి వెళ్ళడం. మాట్లాడాల్సింది: డెలివరీ చేసేవాళ్ళలో ఇద్దరితో. చెప్పకూడనిది: నడుం నొప్పి తగ్గుతుందని. ఎంత పొడుగు: విషయం అయిపోయేంత.’

ఆఖరి వాక్యం చదివి నవ్వొచ్చింది. ఆ బ్రీఫ్ మీద రాసిన వ్యాసం కలల వ్యాసాల్లో పదోవంతు మంది కూడా చదవలేదు. కానీ చదివినవాళ్ళు కొన్నారు, కస్టమర్ కేర్‌కు ఆ ప్రశ్నతో వచ్చే ఫోన్లు కూడా తగ్గాయి.

ఇప్పుడు మీ సంగతి. స్ట్రాటజిస్టు చేతికి వచ్చే కాగితం మీద వ్యాపారానికి ఉన్న ఒక ఇబ్బంది రాసి ఉంటుంది: ‘చూస్తున్నారు, కొనట్లేదు’, ‘కొన్నవాళ్ళు మళ్ళీ రావట్లేదు’ ఇలా. ఆమె చేతిలోంచి వెళ్ళేది బ్రీఫ్, ఆడిట్, ఏ విషయం ఏ మెట్టు మీద చెప్పాలన్న ప్లాను. కొన్నిసార్లు ‘ఇది రాయొద్దు’ అనే ఒక మెయిలు మాత్రమే. రాయడం తగ్గుతుంది, పూర్తిగా పోదు. రాయడం రానివాళ్ళు ఇచ్చే బ్రీఫ్ ఎలా ఉంటుందో మీకు ఐదేళ్ళుగా తెలిసే ఉంటుంది.

మీరు రాసిన వ్యాసాల్లో పది తీసుకోండి. ఒక్కోదానికి ఆవిడ బ్రీఫ్ లాంటిది వెనక్కి వెళ్ళి రాయండి. ‘చదివేది ఎవరు’ అన్నచోట పెన్ను ఆగిపోయే వ్యాసాలు ఎన్నో చూసుకోండి. మీ కంపెనీ సెర్చ్ కన్సోల్ చూడటానికి అనుమతి అడగండి. ఏ మాటలు వెతికి మీ పేజీకి వస్తున్నారో గూగుల్ అందులో ఉచితంగానే చూపిస్తుంది. వారానికి ఒక గంట కస్టమర్ కేర్ ఫోన్లు వినండి. మూడు నెలలకు మీ చేతిలో ఒక షీటు ఉంటుంది. పదోన్నతి అడగడానికి ఆ షీటు పట్టుకుని వెళ్ళండి, కోర్సు సర్టిఫికెట్ తర్వాత చూద్దాం.

ఇంకో మాట. ‘కంటెంట్ మేనేజర్’ పోస్టు ఇస్తామంటే అది వేరే పని. ఏ వ్యాసం ఎవరి దగ్గరుంది, ఏ తేదీకి వెళ్ళాలి, ఫోటో వచ్చిందా, లీగల్ వాళ్ళు చూశారా, ఇవన్నీ నడిపించే మనిషి ఆమె. చాలా ఆఫీసుల్లో క్యాలెండర్ నింపే ఆమెనే స్ట్రాటజిస్టు అని పిలిచి, ఎందుకు నింపుతున్నామని అడిగే పని ఎవ్వరికీ ఇవ్వరు. మా కలల ఏడాది అలా గడిచిందే.

ఇదంతా ఇంటర్నెట్ వాళ్ళు పుట్టించిన హడావుడి అంటారు మా నాన్నగారు. నిజమేనా మేడమ్?
— పాఠకురాలు

నాన్నగారికి మిషెలిన్ కథ చెప్పండి. 1900లో ఫ్రాన్స్‌లో ఈ టైర్ల కంపెనీ ఒక చిన్న ఎర్ర పుస్తకం వేసి ఉచితంగా పంచింది. అప్పటికి ఆ దేశం మొత్తం మీద మూడు వేల కార్లు కూడా లేవు. పుస్తకాలు మాత్రం దాదాపు 35,000 వేశారు! టైరు మార్చడం ఎలా, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, రాత్రి ఎక్కడ బస చేయొచ్చు, ఇవీ అందులో ఉన్నవి. జనం కార్లలో దూరాలు తిరిగితే టైర్లు అరుగుతాయి, అరిగితే కొంటారు. అంతకు ఐదేళ్ళ ముందే, 1895లో, అమెరికాలో జాన్ డీర్ అనే వ్యవసాయ పనిముట్ల కంపెనీ రైతుల కోసం ‘ద ఫర్రో’ అనే పత్రిక మొదలుపెట్టింది. అది ఇప్పటికీ వస్తోంది.

ఆ ఎర్ర పుస్తకంలో ఇవాళ్టి ఉద్యోగాలు చాలావరకు కనిపిస్తాయి నాకు. టైరు గురించి కాదు, ప్రయాణం గురించి చెబుదామని అనుకున్నవాళ్ళు చేసింది స్ట్రాటజీ. టైరు మార్చే పద్ధతిని అంచెలంచెలుగా రాసింది టెక్నికల్ రైటర్ పని. హోటళ్ళ వివరాలు పోగుచేసి, తప్పులు దిద్ది, ఏటేటా మార్చింది ఎడిటర్ పని. ఏదో గ్యారేజీలో పనిబల్ల కాలు కింద ఎత్తుకోసం ఆ పుస్తకాలు పెట్టి ఉండటం చూశాక, ఊరికే ఇస్తే విలువ ఉండదని 1920 నుంచి ధర పెట్టారని ఒక కథ చెబుతారు. ధర పెట్టడం చరిత్ర, బల్ల సంగతి ఎంత నిజమో గానీ కంటెంట్ రాసేవాళ్ళందరికీ ఆ బల్ల తెలుసు.

‘యూఎక్స్ రైటర్’ అంటే రెండు మూడు మాటలు రాసేవాళ్ళట. దానికొక ఉద్యోగమా?
— సాఫ్ట్‌వేర్ టెస్టర్

యాపుల్లో, సైట్లలో బటన్ల మీద, ఫారాల్లో కనిపించే మాటలు రాసేవాళ్ళే యూఎక్స్ రైటర్లు (యూఎక్స్ అంటే వాడేవాళ్ళ అనుభవం). ఒక్క మాటకు ఎంత బరువుందో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. జారెడ్ స్పూల్ అనే యూజబిలిటీ (సైట్లు వాడటం ఎంత సులువో చూసే) నిపుణుడు 2009లో రాశారు, కంపెనీ పేరు మాత్రం ఆయన చెప్పలేదు. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో వస్తువులు ఎంచుకుని డబ్బు కట్టబోయే ముందు ఒక ఫారం వచ్చేది: లాగిన్ అవ్వండి, లేదా ‘రిజిస్టర్’ నొక్కండి. కొత్తవాళ్ళకు చిరాకు. కొనడానికి వస్తే చుట్టరికం కలుపుకోమంటారేంటి అన్నట్టు మాట్లాడారట పరీక్షలో కూర్చున్నవాళ్ళు. పాతవాళ్ళకు పాస్‌వర్డ్ గుర్తులేదు. ‘రిజిస్టర్’ తీసేసి ‘కంటిన్యూ’ అని పెట్టారు. కొనడానికి ఖాతా తెరవక్కర్లేదని పక్కన చిన్న వివరణ రాశారు. కొనుగోళ్ళు 45 శాతం పెరిగాయి. మొదటి ఏడాది అదనంగా వచ్చింది 30 కోట్ల డాలర్లని ఆయన లెక్క.

ఇందులో బటన్ మీది మాట ఎంత, ఫారం మార్పు ఎంత అని వాదించొచ్చు. ఈ ఉద్యోగంలో ఆ రెండూ విడిగా ఉండవు. యూఎక్స్ రైటర్ చేతికి వచ్చేది స్క్రీన్ బొమ్మ. ఆమె చేతిలోంచి వెళ్ళేది బటన్ మాట, ఫారం గడి పేరు, తప్పు జరిగినప్పుడు కనిపించే వాక్యం, చాలాసార్లు ‘ఈ గడి అసలు అవసరమా?’ అన్న ప్రశ్న. మీరు టెస్టర్ కదా, ‘చెల్లని ఇన్‌పుట్’ అనే సందేశం వేలసార్లు చూసి ఉంటారు. దాన్ని ‘ఈ కార్డు గడువు పోయిన నెలతో అయిపోయింది. ఇంకో కార్డు ఇవ్వండి’ అని మార్చాలంటే ఏం తప్పు జరిగిందో ప్రోగ్రామర్‌ను అడగాలి, అవతలి మనిషి కంగారు ఊహించాలి, అదంతా చిన్న చోటులో పట్టించాలి. కచ్చితంగా మాట్లాడాలంటే ఇది మార్కెటింగ్ విభాగంలో ఉండే పని కాదు, ప్రోడక్టు తయారుచేసేవాళ్ళ మధ్య కూర్చునే పని. ఒకే సంస్థలో ప్రకటన ఒక గొంతులో, యాప్ ఇంకో గొంతులో మాట్లాడితే జనం పట్టేస్తారు కాబట్టి ఇక్కడ చెప్పాను.

ఎస్.ఇ.ఓ. వ్యాసానికి 2,000 పదాలు తప్పనిసరా? కీవర్డు ఎన్నిసార్లు రావాలి?
— ఫ్రీలాన్స్ రైటర్

కొత్తవాళ్ళ కోసం: ఎస్.ఇ.ఓ. అంటే గూగుల్‌లో వెతికితే మన పేజీ పైన కనిపించేలా చూసుకోవడం, కీవర్డు అంటే వెతికేవాళ్ళు కొట్టే మాట. ఇక జవాబు: తప్పనిసరి కాదు. ఫలానా ఇన్ని పదాలు ఉండాలన్న ఇష్టమేమీ తమకు లేదని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. పేజీ వెనక దాచిపెట్టే కీవర్డుల ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ దాన్ని నింపమని అడిగే క్లయింట్లున్నారు, నింపి ఇచ్చేయండి, అర నిమిషం పని. కీవర్డుల కోసం కుప్పలుగా రాయించిన సైట్లను 2011 ఫిబ్రవరిలో పాండా అనే మార్పుతో గూగుల్ ఒక్కసారిగా కిందికి తోసింది. అప్పుడు నా తోటివాళ్ళు చాలామందికి పని పోయింది.

కీవర్డు లెక్క కన్నా వెతికినవాడికి ఏం కావాలో చూడండి. ఆండ్రే బ్రోడర్ అనే పరిశోధకుడు 2002లో వెతుకులాటలను మూడుగా విడదీశాడు: తెలుసుకోవాలని, ఫలానా సైటుకు వెళ్ళాలని, ఏదో ఒక పని పూర్తి చేసుకోవాలని. ‘పరుపు మందం ఎంత ఉండాలి’ అన్నవాడికి వ్యాసం కావాలి. ‘పరుపు ఆర్డర్’ అన్నవాడికి వ్యాసం చూపిస్తే తిట్టుకుంటాడు.

మాది చిన్న వ్యాపారం. ఒక్క మనిషిని మాత్రమే పెట్టుకోగలం. రైటరా, స్ట్రాటజిస్టా, సోషల్ మీడియా చూసేవాళ్ళా?
— ఒక యజమాని

రాయడం బాగా వచ్చిన, ప్రశ్నలు అడగడానికి మొహమాటపడని మనిషిని తీసుకోండి. పోస్టుకు ఏ పేరు పెట్టినా సరే. స్ట్రాటజిస్టును ఒక్కరినే పెట్టుకుంటే అద్భుతమైన ప్లాను తయారవుతుంది, రాసేవాళ్ళుండరు. ఆ తొలి ప్లాను కోసం అనుభవం ఉన్నవాళ్ళను రెండు మూడు వారాలకు బయటినుంచి పిలిపించుకోవచ్చు.

మీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ ప్రకటన చూశాను, మీరే జతచేశారు కదా: ‘వ్యాసాలు, రీల్స్, డిజైన్, మెయిళ్ళు, వెబ్‌సైట్, ప్రకటనల ఖర్చు నిర్వహణ, ఫోటోగ్రఫీ తెలిసిన కంటెంట్ ఎగ్జిక్యూటివ్ కావలెను’. అవి ఏడు ఉద్యోగాలు. వచ్చిన పిల్ల ఏడూ అరకొరగా చేసి ఆర్నెల్లలో వెళ్ళిపోతుంది, మీరేమో ‘కంటెంట్ వల్ల లాభం లేదు’ అంటారు. వాటిలో రెండు ఎంచుకోండి. ఏ రెండో తెలియకపోతే పోయిన నెల మీకు వచ్చిన ఫోన్లలో జనం ఏం అడిగారో రాసుకోండి. ప్రశ్నలు ఎక్కువుంటే వ్యాసాలు, మెయిళ్ళు. ‘చూపించండి’ అన్నవి ఎక్కువుంటే ఫోటోలు, వీడియోలు.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా? నిజం చెప్పండి, ధైర్యం చెప్పొద్దు.
— చాలామంది

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. ఆ తర్వాత నా చుట్టుపక్కల మొదట పోయిన పని ‘టాపిక్: నిద్ర, 1,200 పదాలు’ రకం వ్యాసాలు. కొత్తగా వచ్చేవాళ్ళకు చేయి తిరిగేది ఆ పనిమీదే. అది తగ్గడం వాళ్ళకు పెద్ద దెబ్బ, కాదని చెప్పలేను.

ఇంకోవైపు సంగతి. ఈమధ్య పరుపు వాసన మీద ఒక పేజీ రాయమని అలాంటి సాధనానికి ఇచ్చి చూశాను. వాక్యాలు గడగడా వచ్చాయి, నాకన్నా నున్నగా ఉన్నాయి. మధ్యలో ‘వైద్యులు ధ్రువీకరించిన’ అని ఒక ముక్క ఉంది. ఏ వైద్యుడూ ధ్రువీకరించలేదు. నేను ఇచ్చినదాంట్లో ఆ మాటే లేదు. నేను గమనించకుండా వదిలేసి ఉంటే కంపెనీ పేరు మీద అబద్ధం అచ్చయ్యేది, ఫోన్ వచ్చేది నాకు. అందుకే ఇప్పుడు మా దగ్గర ఎడిటర్ల పని పెరిగింది. ఫోన్లు వినడం, డెలివరీ వాళ్ళతో మాట్లాడటం, ‘ఇది ఎవరు చెప్పారు?’ అని అడగడం, వీటికి మనిషే కావాలి, ప్రస్తుతానికి. కొత్తవాళ్ళు పని ఎక్కడ నేర్చుకోవాలన్నదానికి మాత్రం నా దగ్గర మంచి జవాబు లేదు. ఎడిటర్ పక్కన కూర్చోబెట్టే చోటు వెతుక్కోమని మొదటి ప్రశ్నలో అన్నది అందుకే.

వయసు 44. ఇరవై ఏళ్ళుగా పత్రికలో డెస్కు మీద ఉన్నాను. ఈ వైపు రావాలని ఉంది. కుర్రాళ్ళ మధ్య నన్నెవరు తీసుకుంటారు? చూపించడానికి నా పేరుతో ఒక్క వ్యాసం కూడా లేదు.
— సీనియర్ సబ్‌ఎడిటర్

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనూ డెస్కు నుంచే వచ్చాను కదా.

మీరు వెతకాల్సింది రైటర్ పోస్టు కాదు, కంటెంట్ ఎడిటర్. వచ్చే కాగితం: నలుగురు రాసినవి, అందులో ఒకటి యంత్రం రాసింది. వెళ్ళే కాగితం: ఒకే గొంతులో, తప్పుల్లేకుండా, సగం బరువు తగ్గినది. ఇరవై ఏళ్ళుగా మీరు చేస్తున్నది ఇదే. రెండు కాలమ్‌ల వెడల్పులో శీర్షిక ఇరికించిన చేతికి, సెర్చ్‌లో దాదాపు 60 అక్షరాల దగ్గర తెగిపోయే శీర్షిక రాయడం ఒక లెక్కలోది కాదు. వెబ్ మీద జనం వరసగా చదవరు, కళ్ళతో గాలిస్తారని యాకబ్ నీల్సన్ 1997లో పరీక్షలు పెట్టి చెప్పాడు. పేపరు చదివేవాళ్ళూ అంతేనని మీకు ముందునుంచీ తెలుసు. అందుకే ఉపశీర్షికలు పెడతారు, ముఖ్యమైనది పైకి తెస్తారు.

కష్టమయ్యేది ఒకటుంది. పత్రికలో వార్తకూ ప్రకటనకూ మధ్య గోడ ఉంటుంది. ఇక్కడ మీరు గోడకు అవతలి వైపు కూర్చుంటారు. మొదటి ఆర్నెల్లు నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు, పరుపుల కంపెనీకి పనిచేస్తూ! నేను పెట్టుకున్న గీత ఇది: వస్తువు గురించి మంచిమాట చెప్పొచ్చు, లేని గుణం చెప్పకూడదు. ఆ గీత ఒప్పుకోని రెండు చోట్ల మానేశాను.

ఇక చూపించడానికి ఏమీ లేదన్నారు. మీ పత్రిక కాపీలు బయట చూపించొద్దు, అది మర్యాద కాదు. ఏదైనా కంపెనీ సైటులో అందరికీ కనిపించే నాసి పేజీ ఒకటి తీసుకోండి. కంపెనీ పేరు కొట్టేయండి. మొదటి కాగితం, ఉన్నది ఉన్నట్టు. రెండోది, మీరు దిద్దింది. మూడోది, ఎందుకు దిద్దారో: ఈ పేరా ఎందుకు తీసేశాను, ఈ మాట ఎందుకు మార్చాను, ఈ సంఖ్య ఎవరిని అడగాలి. ఇంటర్వ్యూలో నేనైతే మొదటి రెండూ పక్కన పెట్టి మూడోదే చదువుతాను. రాశాక నాకూ ఒక కాపీ పంపండి. మీరు సరేనంటే పేరు లేకుండా వచ్చే సంచికలో వేస్తాను.